గ్రామర్ ఎక్సర్‌సైజులు తయారుచేసేవాళ్ళకి ఒక బహిరంగ లేఖ: వాక్యం మార్చమంటున్నారు సరే, ఎందుకు మార్చాలో కూడా చెప్పండి

నమస్తే అండి. గ్రామర్ పుస్తకాలు రాసేవాళ్ళకి, వర్క్‌బుక్కులు తయారుచేసేవాళ్ళకి, ప్రశ్నపత్రాలు సెట్ చేసేవాళ్ళకి, యాప్‌లలో క్విజ్‌లు పెట్టేవాళ్ళకి, అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నా. ఎవర్నీ వేలెత్తి చూపించడానికి కాదు. మీరు రాసిన ఎక్సర్‌సైజులతోనే నేను పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెప్తుంటా, తెలుగు మాట్లాడేవాళ్ళు, చదువు అయిపోయి పనిలో పడ్డాక మళ్ళీ ఇంగ్లీషు పట్టుకున్నవాళ్ళు, అందుకని ఆ పేజీలు వాళ్ళ చేతిలో పడ్డాక ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూస్తుంటా. ఆ సంగతి మీదాకా రాదు. రావాలనే ఈ ఉత్తరం.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. చేంజ్ ద వాయిస్, చేంజ్ ఇంటూ ఇన్‌డైరెక్ట్ స్పీచ్, రీరైట్ యూజింగ్ అన్‌లెస్, కంబైన్ ద సెంటెన్సెస్, ఇలా వందల వాక్యాలు మార్చమంటున్నారు, కానీ ఏ సందర్భంలో ఏ వాక్యం కావాలి, మారిస్తే అర్థంలో ఏం తేడా వచ్చింది అన్నది ఎక్కడా అడగట్లేదు. దాంతో నేర్చుకునేవాడికి వాక్యాన్ని తిరగెయ్యడం వచ్చేస్తుంది, ఇంగ్లీషు మాత్రం రాదు. మార్కులు వస్తాయి కాబట్టి వచ్చిందనే అనుకుంటాడు, అసలు సమస్య అక్కడే ఉంది.

ముందే ఒక మాట, వాక్యాలు మార్చే ప్రాక్టీస్ దండగ అని నేను అనట్లేదు. అది తీసిపారేసి ఊరికే మాట్లాడుతూ ఉండండి అదే వస్తుంది అనేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. ఒకే విషయాన్ని మూడు నాలుగు రకాలుగా చెప్పగలగడం భాషలో నిజమైన బలం. ఒక మాట తట్టకపోతే ఇంకో దారిలో వెళ్ళొచ్చు, పై అధికారికి ఒకలా, స్నేహితుడికి ఒకలా చెప్పొచ్చు, చదివిన పేరాని సొంత మాటల్లో రాయొచ్చు. ఆ ఒడుపు రావాలంటే చేత్తో రాసి, నోటితో పలికి వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూడాల్సిందే. కాబట్టి ఎక్సర్‌సైజ్ ఉండాలి. దాని తయారీ మారాలి.

వాయిస్ చాప్టర్‌తోనే మొదలుపెడతా, ఎందుకంటే ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది. మీ పుస్తకాల్లో పాసివ్ అంటే సబ్జెక్ట్‌ని ఆబ్జెక్ట్‌ని అటూ ఇటూ మార్చి మధ్యలో బి ఫామ్ (ఈజ్, వజ్ లాంటివి) పెట్టి వి త్రీ (క్రియ మూడో రూపం) రాసి చివర బై తగిలించడం. ఈ సూత్రం తెలుగులో వివరించేటప్పుడు 'చేయబడింది, వ్రాయబడింది, తినబడింది' అని చెప్తారు. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఎవరైనా 'రోడ్డు వేయబడింది' అంటారా? 'రోడ్డు వేశారు' అంటాం. 'దొంగని పట్టుకున్నారు' అంటాం. 'మీటింగ్ వాయిదా వేశారు' అంటాం. ఎవరు వేశారో, ఎవరు పట్టుకున్నారో చెప్పం, అనవసరం కాబట్టి, లేదా తెలీదు కాబట్టి. సరిగ్గా ఇదే పనికి ఇంగ్లీషువాళ్ళు పాసివ్ వాడతారు. 'ద థీఫ్ హాజ్ బీన్ కాట్', 'ద మీటింగ్ హాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్'. అంటే పాసివ్ ఎక్కడ వాడాలో మనవాళ్ళకి ఆల్రెడీ తెలుసు, కర్త లేకుండా 'వేశారు, కట్టారు, చెప్పారు' అని రోజుకి ఎన్నిసార్లు అంటామో, ఆ ప్రతిచోటా దాదాపుగా ఇంగ్లీషు పాసివ్ కూర్చుంటుంది. ఈ ఒక్క ముక్క చెప్తే ఎప్పట్నుంచో బి ఫామ్ బట్టీ పడుతున్నవాళ్ళ మొహంలో మార్పు కనిపిస్తుంది. 'ఓహ్, ఇదా' అంటారు. ఇది మీ చాప్టర్ మొదటి పేజీలో ఉండాల్సిన విషయం, నేను చూసిన పుస్తకాల్లో ఎక్కడా లేదు.

పైగా బై సంగతి. నిజంగా రాసే, మాట్లాడే ఇంగ్లీషులో పాసివ్ వాక్యాల్లో ఎక్కువ భాగం బై లేకుండానే ఉంటాయి, చేసినవాడిని చెప్పనక్కర్లేనప్పుడే కదా పాసివ్‌కి వెళ్ళేది. ఎక్సర్‌సైజుల్లో మాత్రం నూటికి తొంభై వాక్యాలకి చివర బై ఉంటుంది. యాక్టివ్ వాక్యంలో సబ్జెక్ట్ ఇచ్చారు కాబట్టి దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి మరి. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ నోట్‌బుక్‌లో వాయిస్ చాప్టర్ మొత్తం కరెక్టే, ఒక్క ఎర్ర గీత లేదు. అదే ఆవిడ ఆఫీసు మెయిల్ ఇలా రాసింది: 'ద ఫైల్ వజ్ సెంట్ బై మీ యెస్టర్‌డే అండ్ ద రిప్లై ఈజ్ నాట్ రిసీవ్డ్ బై మీ.' గ్రామర్ ప్రకారం రెండు పాసివ్‌లూ సూత్రానికి లొంగినవే. కానీ ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు 'ఐ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే బట్ ఐ హావెంట్ హర్డ్ బ్యాక్' అని రాసి ఊరుకుంటారు. ఎందుకిలా రాశారమ్మా అని అడిగితే, పాసివ్ అయితే కొంచెం మర్యాదగా, ఫార్మల్‌గా ఉంటుందనుకున్నానండీ అంది. తప్పు ఆవిడది కాదు. పాసివ్ ఎందుకో ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అందుకని తనే ఒక కారణం ఊహించుకుంది.

బై రావాల్సిన చోటు కూడా ఉంది. పెన్సిలిన్ గురించి ఒక పేరా నడుస్తోందనుకోండి, అక్కడ 'ఇట్ వజ్ డిస్కవర్డ్ బై అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఇన్ 1928' అంటే హాయిగా ఉంటుంది, పాఠకుడి దృష్టి పెన్సిలిన్ మీద ఉంది, కొత్త కబురు ఫ్లెమింగ్, కొత్త కబురు వాక్యం చివరికి వచ్చింది. అదే పేరా ఫ్లెమింగ్ జీవితం గురించి అయితే 'హి డిస్కవర్డ్ పెన్సిలిన్ ఇన్ 1928' అనాలి. రెండు వాక్యాలూ కరెక్టే, ఏది పెట్టాలో ముందు వాక్యం చెప్తుంది. మరి మీ ఎక్సర్‌సైజుల్లో ఆ ముందు వాక్యం ఎక్కడుంది? ఒంటరి వాక్యాలే కదా ఇస్తున్నారు. ఒక్క లైన్ ముందు ఇవ్వండి, తర్వాత రెండు ఆప్షన్లు ఇచ్చి ఏది అతుకుతుందో అడగండి. అదే వాక్యం, అదే గ్రామర్, కానీ ఇప్పుడు బుర్ర పనిచేస్తుంది.

ఇంకోటి, మార్చినా అర్థం మారదు అని పుస్తకాల్లో ధీమాగా రాస్తారు. మారుతుంది. 1957లోనే భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ ఒక ఉదాహరణ చూపించాడు: 'ఎవ్రీవన్ ఇన్ ద రూమ్ నోస్ ఎట్ లీస్ట్ టూ లాంగ్వేజెస్' అంటే గదిలో ప్రతివాడికీ ఏవో రెండు భాషలు వచ్చు, ఒకడికి తెలుగు తమిళం, ఇంకొకడికి హిందీ ఉర్దూ అయినా సరే. దాన్ని పాసివ్ చేసి 'ఎట్ లీస్ట్ టూ లాంగ్వేజెస్ ఆర్ నోన్ బై ఎవ్రీవన్ ఇన్ ద రూమ్' అంటే, మామూలుగా వినేవాడికి అందరికీ కామన్‌గా ఒక రెండు భాషలు వచ్చు అన్నట్టు వినిపిస్తుంది. మొదటిది నిజమై రెండోది అబద్ధం కావచ్చు. ట్రాన్స్‌ఫర్మేషన్ అనే మాటని భాషాశాస్త్రంలో ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడే ఈ తేడా ఎత్తి చూపించాడు, మనం మాత్రం ఇంకా రెండూ ఒకటే అని పిల్లలకీ పెద్దలకీ చెప్తున్నాం.

అసలు పాసివ్‌కి లొంగని క్రియల సంగతి కూడా మీ చాప్టర్లో గట్టిగా చెప్పండి. హావ్, రిజెంబుల్, ల్యాక్ లాంటివి ఆబ్జెక్ట్ ఉన్నా మామూలుగా పాసివ్‌లోకి రావు. హ్యాపెన్, ఎరైవ్, డై, అప్పియర్ వీటికి ఆబ్జెక్టే లేదు. అయినా 'ఏన్ యాక్సిడెంట్ వజ్ హ్యాపెన్డ్' అన్నది నేను వారానికి ఒక్కసారైనా వినే వాక్యం. వాళ్ళ లాజిక్ చూడండి, యాక్సిడెంట్ తనంతట తను ఏమీ చెయ్యలేదు, జరిగింది, జరిగినదానికి పాసివ్ వాడాలి కదా అని. చాలా తెలివైన తప్పు అది. దాన్ని ఊహించి రెండు ప్రశ్నలు 'ఈ వాక్యాన్ని పాసివ్‌లోకి మార్చొచ్చా, కుదరకపోతే ఎందుకు కుదరదు' అని పెడితే చాలు. ప్రతి వాక్యం మారి తీరుతుందని నేర్చుకునేవాడికి ముందే తెలిస్తే వాడు ఇక ఆలోచించడు.

ఇప్పుడు డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్. ఇది తెలుగువాళ్ళకి నిజంగా కష్టం, ఆ కష్టం ఎక్కడుందో మీరు పట్టుకోలేదనిపిస్తుంది. మనం వేరేవాళ్ళ మాట చెప్పేటప్పుడు వాళ్ళన్నది దాదాపు అలాగే ఉంచి చివర 'అని' పెడతాం. 'రేపు వస్తానన్నాడు' అంటాం, వచ్చేది వాడైనా క్రియ మాత్రం వాడి నోటి నుంచి వచ్చిన 'వస్తాను' లాగానే ఉంటుంది. 'ఎక్కడికెళ్తున్నావని అడిగింది' అంటాం, అడిగింది నన్నే అయినా 'వెళ్తున్నావ్' మారదు. కాలం మారదు, పురుష మారదు, ప్రశ్న ప్రశ్నలాగే ఉంటుంది. ఇంగ్లీషులో ఇవన్నీ కదుల్తాయి. కాబట్టి మనవాళ్ళు 'షి ఆస్క్‌డ్ మీ వేర్ ఆర్ యూ గోయింగ్' అనడం సహజం, తెలుగు లెక్క ప్రకారం అది సరిగ్గా ఉంది. ఇంగ్లీషులో 'షి ఆస్క్‌డ్ మీ వేర్ ఐ వజ్ గోయింగ్' కావాలి, అంటే ప్రశ్న పోయి మామూలు వాక్యం వరస రావాలి. నా అనుభవంలో టెన్స్ కంటే ఈ వరసే ఎక్కువ తన్నేస్తుంది. 'డు యూ నో వాట్ టైమ్ ఈజ్ ఇట్', 'కెన్ యూ టెల్ మీ వేర్ ఈజ్ ద స్టేషన్' ఇవన్నీ ఆ కోవలోవే. మీ చాప్టర్లో టెన్స్ టేబుల్‌కి రెండు పేజీలు, ఈ వరసకి ఒక చిన్న నోటు. తిరగెయ్యండి ఆ లెక్క.

టెన్స్ టేబుల్ సంగతికొస్తే, సెడ్ కనిపించగానే ప్రెజెంట్ పాస్ట్ అయిపోవాలి, 'యూనివర్సల్ ట్రూత్' అయితే మాత్రం మారక్కర్లేదు, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఈజ్ ఉంచొచ్చు అని రాస్తారు. అదేదో భూమికీ సూర్యుడికీ మాత్రమే ఇచ్చిన మినహాయింపు కాదండీ. చెప్పిన మాట ఇప్పటికీ నిజమే అని చెప్పేవాడు అనుకుంటే ప్రెజెంట్ ఉంచొచ్చు. 'ద డాక్టర్ సెడ్ ఐ నీడ్ రెస్ట్' పూర్తిగా కరెక్ట్, నాకు ఇంకా రెస్ట్ కావాలి. 'నీడెడ్' అన్నా కరెక్టే. అలాగే టుమారో అన్నది ఎప్పుడూ ద నెక్స్ట్ డే అయిపోదు, పొద్దున అన్న మాట సాయంత్రం చెప్తుంటే టుమారో టుమారోగానే ఉంటుంది, ఎందుకంటే రేపు ఇంకా రేపే. హియర్ అన్న చోటే నేనూ నిలబడి చెప్తుంటే దేర్ అని మార్చడం తప్పు కూడా. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నిలబడి చెప్తున్నారు అన్నది తెలీకుండా ఈ మార్పులు చెయ్యడం అసలు కుదరదు, మీ ప్రశ్నల్లో ఆ మూడూ ఉండవు. ఒక పరీక్షలో 'షి సెడ్ షి లివ్స్ నియర్ ద పార్క్' అని రాసినామెకి సున్నా వేశారు, జవాబుల కీలో లివ్డ్ ఉందట. ఆమె ఆ తర్వాత ప్రతి మాటనీ గతంలోకి తోసెయ్యడం మొదలుపెట్టింది, బతికున్నవాళ్ళ పేరు కూడా 'హిజ్ నేమ్ వజ్' అనేది. విన్నవాళ్ళు ఏమనుకుంటారో చెప్పండి.

'హి ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్ దట్ దే హాడ్ వన్ ద మ్యాచ్' లాంటివి దయచేసి ఆపెయ్యండి. అలా ఈ రోజుల్లో ఎవరూ మాట్లాడరు. ఆ చోటు రిపోర్టింగ్ వెర్బ్స్‌కి ఇవ్వండి, అదే అసలు సరుకు. 'ఐ డిడ్‌న్ట్ టేక్ ఇట్' అన్నాడు, 'హి డినైడ్ టేకింగ్ ఇట్'. 'ఐయామ్ సారీ ఐయామ్ లేట్' అన్నాడు, 'హి అపాలజైజ్డ్ ఫర్ బీయింగ్ లేట్'. ప్రామిస్, రెఫ్యూజ్ తర్వాత టు వస్తుంది, డినై, సజెస్ట్ తర్వాత ఐఎన్‌జీ వస్తుంది, వార్న్ తర్వాత మనిషి వచ్చి ఆ తర్వాత నాట్ టు వస్తుంది, ఇన్సిస్ట్‌కి ఆన్ తోడు కావాలి. మాట మొత్తాన్ని మోసుకురాకుండా ఆ మాటతో ఏం చేశాడో ఒక్క క్రియలో చెప్పడం, మీటింగ్‌లో జరిగింది ఇంకొకరికి చెప్పాలంటే రోజూ కావాల్సింది ఇదే. ఇక్కడ తెలుగు సాయం కూడా ఉంది. 'రమ్మన్నాడు' అంటే 'హి టోల్డ్ మీ టు కమ్', 'రావద్దన్నాడు' అంటే 'హి టోల్డ్ మీ నాట్ టు కమ్', రెండు భాషలూ ఇక్కడ చేతులు కలుపుతాయి, కష్టపడక్కర్లేదు. చిక్కల్లా సజెస్ట్ దగ్గర, 'వెళ్ళమని సలహా ఇచ్చాడు' అన్న ఊపులో 'హి సజెస్టెడ్ మీ టు గో' అనేస్తారు. అడ్వైజ్‌కి ఆ పద్ధతి కుదురుతుంది, సజెస్ట్‌కి కుదరదు. 'హి అడ్వైజ్డ్ మీ టు గో', 'హి సజెస్టెడ్ దట్ ఐ గో'. ఇలాంటి జంటల్ని పక్కపక్కన పెట్టి మార్చమనండి, చాలా లాభం.

చిన్న చాప్టర్ల గురించి త్వరగా చెప్పేస్తా. టూ, సో దట్ మార్పులో అందరూ కాంట్, కుడ్‌న్ట్ టెన్స్ చూస్తారు గానీ చివరి ఇట్ సంగతి చూడరు. 'ద బాక్స్ ఈజ్ టూ హెవీ ఫర్ మీ టు లిఫ్ట్', ఇక్కడ ఇట్ పెట్టకూడదు. 'ద బాక్స్ ఈజ్ సో హెవీ దట్ ఐ కాంట్ లిఫ్ట్ ఇట్', ఇక్కడ ఇట్ లేకపోతే వాక్యం విరిగిపోతుంది. తెలుగులో 'ఎత్తలేనంత బరువు' అంటాం, పెట్టె మాట మళ్ళీ రాదు, అందుకే మనవాళ్ళు రెండోదాంట్లో ఇట్ వదిలేస్తారు. కీలో ఆ ఇట్ కింద ఒక గీత గీస్తే సరిపోయేది.

అన్‌లెస్ అంటే ఇఫ్ నాట్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 'ఐ విల్ బి సర్‌ప్రైజ్డ్ ఇఫ్ హి డజన్ట్ విన్' అన్నదాన్ని అన్‌లెస్‌తో మార్చి చూడండి, కుదరదు. అన్‌లెస్ అంటే ఆ ఒక్కటి జరిగితే తప్ప అని, జరగబోయే దానికి ఒక మినహాయింపు. వాడు గెలవకపోవడం వల్ల నాకు ఆశ్చర్యం అన్నచోట మినహాయింపు ఏమీ లేదు. ఈ తేడా చెప్పకపోతే ఇంకో తప్పు కూడా పుడుతుంది, 'అన్‌లెస్ యూ డోంట్ హర్రీ' అని నాట్‌ని రెండుసార్లు వేస్తారు.

డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్‌లో ఐరన్ ఈజ్ ద మోస్ట్ యూస్‌ఫుల్ మెటల్ అన్న వాక్యాన్ని ఎన్ని తరాలు మార్చాయో లెక్కలేదు. అది అలాగే ఉండనివ్వండి, కాకపోతే దాన్ని మార్చినప్పుడు వచ్చే 'ఐరన్ ఈజ్ మోర్ యూస్‌ఫుల్ దాన్ ఎనీ అదర్ మెటల్'లో అదర్ ఎందుకుందో చెప్పండి, లేకపోతే ఇనుము తనకంటే తనే ఎక్కువ ఉపయోగం అన్నట్టవుతుంది. 'ఎ ఈజ్ నాట్ టాలర్ దాన్ బి' అంటే ఎ పొట్టి అని అర్థం కాదు, ఇద్దరూ సమానంగా ఉండొచ్చు. దీన్ని 'బి ఈజ్ టాలర్ దాన్ ఎ' అని కీలో వేసేసిన పుస్తకం కూడా చూశా. భాష నేర్పుతూ లాజిక్ చెడగొట్టకూడదు కదా.

రెండు వాక్యాలు కలపమనే చోట మాత్రం కాస్త ఆగాలి. 'పని ముగించుకుని ఇంటికెళ్ళాడు' అని మనం ఊపిరి తీసుకున్నంత సులువుగా అంటాం, అందుకే 'హావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, హి వెంట్ హోమ్' మనవాళ్ళకి తొందరగా పట్టుబడుతుంది. ముగించిందీ వెళ్ళిందీ ఒకరే కావాలన్న నియమం రెండు భాషల్లోనూ మామూలుగా ఉంటుంది. కానీ 'నడుస్తుంటే' అన్న రూపం వేరు. 'రోడ్డు మీద నడుస్తుంటే కుక్క కరిచింది' అంటే నడిచింది నేను, కరిచింది కుక్క, తెలుగులో ఏ ఇబ్బందీ లేదు. దీన్నే 'వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ డాగ్ బిట్ మీ' అని రాస్తే ఇంగ్లీషులో నడుస్తున్నది కుక్క అయిపోతుంది. 'యాజ్ ఐ వజ్ వాకింగ్' అనాలి, లేదా 'వాకింగ్ ఆన్ ద రోడ్, ఐ వజ్ బిటెన్ బై ఎ డాగ్' అనాలి. చూశారా, ఇదిగో ఇక్కడ పాసివ్‌కి నిజమైన పని పడింది, వాక్యం నిలబడాలంటే నేనే సబ్జెక్ట్‌గా ఉండాలి కాబట్టి పాసివ్‌కి వెళ్ళాం. వాయిస్ ఒక చాప్టర్లో, పార్టిసిపుల్ (ఈ వాకింగ్, హావింగ్ ఫినిష్డ్ లాంటివి) ఇంకో చాప్టర్లో పెట్టి మధ్యలో గోడ కట్టేస్తే ఈ సంబంధం ఎవరికీ కనిపించదు.

అలాగే 'హావింగ్ ఫినిష్డ్' అన్నది రాతలో బావుంటుంది, మాటల్లో 'ఆఫ్టర్ ఐ ఫినిష్డ్ వర్క్ ఐ వెంట్ హోమ్' అంటారు. 'నో సూనర్ హాడ్ హి రీచ్డ్ దాన్' కూడా అంతే. ప్రతి మార్పు పక్కనా ఇది మాటకా రాతకా అని ఒక చిన్న గుర్తు పెట్టండి. లేకపోతే ఫోన్లో ఫ్రెండ్‌తో కూడా నో సూనర్ అని మొదలుపెడుతున్నారు.

క్వశ్చన్ ట్యాగ్స్ గురించి ఎక్కువ చెప్పను. మనకి అన్నిటికీ ఒక్క 'కదా' ఉంది, అందుకే అన్నిటికీ 'ఈజన్ట్ ఇట్' తగిలిస్తాం. ఎక్సర్‌సైజులో ట్యాగ్ రాయడం అందరికీ వస్తుంది, మాటల వేగంలో రాదు. ఇది కాగితం మీద కాకుండా నోటితో, వెంటవెంటనే చేయించాల్సిన ప్రాక్టీస్ అని పుస్తకంలోనే రాయండి, ఆడియో ఇవ్వగలిగితే ఇంకా మంచిది.

ఇప్పుడు మొత్తం అమరిక గురించి. చాప్టర్ పేరు పాసివ్ వాయిస్, కింద ముప్ఫై వాక్యాలు, అన్నీ పాసివ్‌లోకే. మూడో వాక్యం దగ్గరికి వచ్చేసరికి అర్థం చదవడం ఆపేస్తారు, చెయ్యి మాత్రమే నడుస్తుంది. 1950లు, 60లలో ఆడియోలింగ్వల్ పద్ధతి అని ఇలాంటిదే జోరుగా నడిచింది, టీచర్ ఒక వాక్యం అనడం, క్లాసంతా దాన్ని మార్చి గట్టిగా అనడం, అదే పనిగా అలవాటయ్యేదాకా. డ్రిల్లులో మెరుపులా జవాబిచ్చినవాళ్ళు క్లాసు దాటి బయటికొస్తే నాలుగు మాటలు కలపలేకపోతున్నారన్న విమర్శ వచ్చి దాని పట్టు సడలింది. మనం గొంతుతో చేయించే డ్రిల్లు తీసేసి కాగితం మీద డ్రిల్లు ఉంచుకున్నాం, అంతే తేడా. కలిపి ఇవ్వండి. పది వాక్యాల పేరా ఇవ్వండి, అందులో రెండు పాసివ్ చేస్తే బావుంటుంది, ఒకటి చేస్తే పాడవుతుంది, ఒకచోట రెండు వాక్యాలు కలిపితే మేలు, ఒకచోట ఎవరో అన్న మాట రిపోర్ట్ చెయ్యాలి, ఎక్కడ ఏం చెయ్యాలో వాళ్ళనే తేల్చుకోమనండి. ఎంచుకోవడమే నేర్చుకోవడం అయ్యేలా చూడండి.

వెనక్కి మార్చడం కూడా పెట్టండి. యాక్టివ్ నుంచి పాసివ్‌కే ఎప్పుడూ ప్రయాణం, బరువైన పాసివ్ మెయిల్‌ని తేలికైన యాక్టివ్‌లోకి తెమ్మని ఎవరూ అడగరు, పనిలో ఎక్కువ అవసరమయ్యేది అదే. పైగా ఒకసారి చేసిన చాప్టర్ మళ్ళీ కనిపించదు. 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన మీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది ఎంత తొందరగా జారిపోతుందో, ఎడం ఇచ్చి మళ్ళీ మళ్ళీ చూసుకుంటే ఎంత నిలుస్తుందో చూపించాడు. పదో చాప్టర్లో రెండో చాప్టర్ ప్రశ్నలు నాలుగు కలపడానికి మీకు అదనపు పేజీ కూడా అక్కర్లేదు.

జవాబుల కీ మీద నా ఆఖరి గోడు. కేంబ్రిడ్జ్ వాళ్ళు పెట్టే బీ2 ఫస్ట్ అనే ఇంగ్లీషు పరీక్షలో కీ వర్డ్ ట్రాన్స్‌ఫర్మేషన్ అని ఆరు ప్రశ్నలుంటాయి, ఒక వాక్యం ఇస్తారు, ఒక మాట ఇస్తారు, ఆ మాట మార్చకుండా రెండు నుంచి ఐదు పదాల్లో రెండో వాక్యం పూర్తి చెయ్యాలి, అర్థం మొదటిదానికి దగ్గరగా ఉండాలి. ఒక్కో ప్రశ్నకి రెండు మార్కులు, సగం సరిగ్గా ఉంటే ఒక మార్కు వస్తుంది. అంటే ఏ సగం వచ్చింది, ఏ సగం రాలేదు అన్నది లెక్కలోకి తీసుకుంటున్నారు. ఆ పరీక్ష గొప్పదని ప్రచారం చెయ్యట్లేదు, ఆ మార్కుల పద్ధతి మాత్రం చూడమంటున్నా. 'ఐ హావెన్ట్ సీన్ హర్ ఫర్ టూ ఇయర్స్' అని ఇచ్చి సిన్స్ వాడమంటే 'ఇట్స్ టూ ఇయర్స్ సిన్స్ ఐ లాస్ట్ సా హర్' అని రావాలి. తెలుగులో 'ఆవిడని చూసి రెండేళ్ళయింది' అంటామే, అచ్చం అదే నడక, రెండేళ్ళయింది అన్నది ఇట్స్ టూ ఇయర్స్, చూసి అన్నది సిన్స్ ఐ సా. ఈ పోలిక చూపిస్తే 'సిన్స్ టూ ఇయర్స్' అనే మొండి అలవాటు కూడా వదులుతుంది, సిన్స్ తర్వాత ఒక సంఘటన గానీ ఒక తేదీ గానీ రావాలి, గడిచిన కాలం రాకూడదని వాళ్ళకే తెలుస్తుంది. మరి మీ కీలో ఒకే ఒక్క వాక్యం ఉంటుంది, 'ఇట్ హాజ్ బీన్ టూ ఇయర్స్' అని రాసినవాడు తప్పు రాశాననుకుని కొట్టేసుకుంటాడు. 'దే సే హి ఈజ్ రిచ్' అన్నదానికి 'హి ఈజ్ సెడ్ టు బి రిచ్' ఒకటి, 'ఇట్ ఈజ్ సెడ్ దట్ హి ఈజ్ రిచ్' ఇంకొకటి, రెండూ ఇవ్వండి. 'ఐ వజ్ గివెన్ ఎ బుక్', 'ఎ బుక్ వజ్ గివెన్ టు మీ' రెండూ ఇచ్చి ఏది ఎప్పుడు మామూలుగా వాడతారో ఒక లైన్ రాయండి. టీచర్ లేకుండా ఒంటరిగా పుస్తకం ముందేసుకుని కూర్చునేవాళ్ళే ఎక్కువ, వాళ్ళకి కీ ఒక్కటే దిక్కు. యాప్‌లవాళ్ళకి మరీ మరీ చెప్తున్నా, ఎర్ర గుర్తు వేసి తర్వాతి ప్రశ్నకి తోసెయ్యకండి, ఎందుకు తప్పో ఒక్క వాక్యం తెలుగులో చూపించండి.

ఇవన్నీ ఒక్కసారే అవ్వవని తెలుసు. తర్వాతి ఎడిషన్‌లో వాయిస్ చాప్టర్ ఒక్కటి మార్చి చూడండి. మొదటి పేజీలో 'రోడ్డు వేశారు, మీటింగ్ వాయిదా వేశారు' లాంటి వాక్యాలు పది ఇవ్వండి, ప్రతి ప్రశ్నకీ ముందు ఒక లైన్ సందర్భం ఇవ్వండి, ముప్ఫై వాక్యాలు పన్నెండుకి తగ్గించండి, అందులో మారనివి మూడు పెట్టండి, కీలో రెండో జవాబుకి చోటివ్వండి. నేను క్లాసులో వాడుకోవడానికి ఇలా తయారుచేసుకున్న ప్రశ్నలు చాలానే ఉన్నాయి, ఎవరికి కావాలన్నా ఇస్తా, నా పేరు కూడా వెయ్యక్కర్లేదు.

ఇట్లు,
మీ పుస్తకాలతోనే పాఠం చెప్పే ఒక ఇంగ్లీషు టీచర్